జెండాల రంగు తెలియని ఫొటోలు

పోయిన చలికాలం నిజామాబాద్‌లో ఒక ఫొటో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. పెద్దదేం కాదు. ఒక మామూలు హాలు, గోడల వెంబడి తాళ్ళకి వేలాడదీసిన నలభై దాకా ఫొటోలు, మూలన ఒక చిన్న స్పీకర్. ఫొటోలన్నీ బ్లాక్ అండ్ వైట్. అన్నిట్లోనూ పాటే. డప్పు, ఒగ్గుకథ, కోలాటం, బతుకమ్మ, సభల్లో పాడేవాళ్ళు, నాట్లేస్తూ పాడేవాళ్ళు, బీడీలు చేస్తూ పాడేవాళ్ళు. ఇందూరు జిల్లా పాటనీ, ఆ జిల్లా మారిన తీరునీ పక్కపక్కన పెట్టి చూపించాలన్నది వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఆ హాలు పేరు, పెట్టినవాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే లోపం వాళ్ళొక్కళ్ళది కాదు. మన పాట గురించి ఫొటోలు తీసే అందరిదీ, ఇన్‌స్టాగ్రామ్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ నొక్కే నాదీ మీదీ కూడా.

నాతో మా పెద్దబాపు వచ్చాడు. బోధన్ షక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్స్‌లో ముప్ఫై ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. ఎగ్జిబిషన్లు చూసే అలవాటు ఆయనకి లేదు. కొత్త కళ్ళద్దాల కోసం నిజామాబాద్ వచ్చాడు, బస్సుకి టైముంది కదా అని నా వెంట నడిచాడు. నేను ఒక్కో ఫొటో ముందు రెండేసి నిమిషాలు నిలబడుతుంటే, ఆయన ప్లాట్‌ఫాం మీద నడిచినట్టు ముందుకెళ్ళిపోయాడు. ఒక్కచోట మాత్రం ఆగాడు. ఆగి, నన్ను పిలిచాడు.

ఫొటోలో ఆరుగురు. ముందు ఇద్దరి చేతుల్లో డప్పులు. మధ్యలో ఒకతను చెవి మీద చెయ్యి పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాట ఎత్తుకున్నాడు. వెనక జెండా కర్రలు, ఇంకా వెనక ఫ్యాక్టరీ గేటు, చిమ్నీ. కాంట్రాస్ట్ బాగా పెంచారు. ఆకాశం దాదాపు నల్లగా ఉంది. కింద క్యాప్షన్: ‘ఉద్యమ గానం, బోధన్’.

నేను వెంటనే ‘చాలా బాగుంది’ అన్నాను. నిజంగానే బాగుంది.

‘బాగుంటే బాగుండనీ. గానీ ఇది తెలంగాణ ఉద్యమంది కాదు బిడ్డా’ అన్నాడు పెద్దబాపు.

‘మరి?’

‘అందరు స్వెట్టర్లేసుకున్నరు, మఫ్లర్లు కట్టిండ్రు. అంటే చలికాలం. చలికాలమంటే క్రషింగ్ సీజను. సీజన్ల ఆ చిమ్నీకెల్లి పొగ రాకుండ ఉంటదా? పొగ లేదు చూడు. ఫ్యాక్టరీ బందు పెట్టినంక తీసిన ఫొటో ఇది. జీతాల కోసం గేటుకాడ కూసున్నప్పటిది. గా మూలకు సగం కనబడేటోణ్ణి నేనే.’

నిజమే. మూలన మఫ్లర్ కట్టుకుని, ఫ్రేమ్‌లో సగమే పడ్డ మనిషి ఆయనే.

ఆ తర్వాత చూసినవన్నీ నాకు వేరేగా కనిపించాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

*

బోధన్ సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. నీళ్ళొచ్చాక చెరుకొచ్చింది. చెరుకు వెంట 1930ల చివర చక్కెర ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెంట షక్కర్‌నగర్ వచ్చాయి. చెరుకు పండించడానికి కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు, అటు మరాఠీ, ఇటు ఉర్దూ, మధ్యలో మా తెలుగు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని చెప్పుకునేవాళ్ళు. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. తెరిపిస్తామన్న మాట ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ వినబడింది. తెరిపించే దారి చూడమని 2024లో ప్రభుత్వం ఒక కమిటీ కూడా వేసింది.

అదే 2002లో, సెప్టెంబర్ 30న, అప్పటికి ఇదే జిల్లాలో ఉన్న కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. పాటా ఆటా మాటా ఒకే వేదిక మీద కలిపి, పన్నెండేళ్ళ పాటు ఉద్యమాన్ని ఊరూరికీ మోసుకెళ్ళిన రూపం అక్కడ మొదలైంది. అంటే ఒకే జిల్లాలో, ఒకే ఏడు, ఫ్యాక్టరీ చెయ్యి మారింది, పాట వేదికెక్కింది. ఈ రెండూ ఒకదానికొకటి తెలియని సంగతులు కావు. మూతపడుతున్న ఫ్యాక్టరీలు, రాని నీళ్ళు, దొరకని కొలువులు, ఇవే కదా ఆ పాటల సరుకు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఫొటో దగ్గరికి వద్దాం. రాష్ట్రం రాకముందు ఒక ప్రభుత్వాన్ని అడిగిన పాట, రాష్ట్రం వచ్చాక ఇంకో ప్రభుత్వాన్ని అడిగిన పాట రెండూ ఒకటి కాదు. డప్పు అదే కావచ్చు, గొంతూ అదే కావచ్చు, బాణీ కూడా అదే కావచ్చు. కానీ అడుగుతున్నది ఎవరిని? తెలంగాణలో ఈ ప్రశ్నకి జవాబు చాలాసార్లు జెండా రంగులో ఉంటుంది. గులాబీ, ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, మూడు రంగులది. ఒక సభ ఎవరిదో అర్థం కావాలంటే ముందు జెండాలు చూస్తాం, తర్వాతే మైకులో మాట వింటాం. నలుపు తెలుపులోకి మార్చగానే ఇవన్నీ బూడిద రంగు. ఆ ఫొటోలో కర్రలకి కట్టినవి ఏ జెండాలో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. పెద్దబాపుని అడిగాను. ‘ఆ దినం ఎవల జెండా ఉండెనో, ఎవల జెండ లేకుండెనో బోధన్ల అందరికి ఎరుకే’ అని నవ్వాడు. బోధన్లో అందరికీ తెలిసింది హైదరాబాద్ నుంచి వచ్చి చూసేవాళ్ళకి తెలియకుండా పోయింది. ప్రశ్నగా పాడిన పాట పండగ పాటలా కనబడింది.

రంగు తీసేయడం అమాయకమైన పని కాదు. ఫొటోలు తీసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఆర్థోక్రోమాటిక్ అనే పాతకాలపు ఫిల్ముకి ఎరుపు కనబడేది కాదు, ఎర్రటిదంతా నల్లగా వచ్చేది. అది ఫిల్ము గుణం, ఎవరూ ఎంచుకున్నది కాదు. ఇప్పుడు డిజిటల్ కెమెరా అయినా ఫోనయినా ముందు రంగుల్లోనే పట్టుకుంటుంది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఎరుపు ఎంత బూడిద కావాలి, నీలం ఎంత నలుపు కావాలి అని ఒక్కో రంగుకీ విడివిడిగా నిర్ణయిస్తాం. ఈ ఫొటోలో ఆకాశాన్ని నల్లబరిచింది అలాగే. ఆరోజు ఎండ కాసింది, పెద్దబాపు చెప్పాడు. ఫొటోలో మాత్రం తుఫాను వచ్చేలా ఉంది.

*

నలుపు తెలుపు మీద నాకేం కోపం లేదు. అదే హాల్లో దాన్ని సరిగ్గా వాడిన ఫొటో కూడా ఉంది. ఆ రోజు నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది దాన్నే.

ఒక బీడీ కార్మికురాలు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. వేళ్ళు ఆకు చుడుతున్నాయి. కళ్ళు చేతుల మీద లేవు, ఎదురుగా కూర్చున్న ఇంకో ఆమె మీద ఉన్నాయి. నోరు సగం తెరిచి ఉంది. మాట్లాడుతోందేమో అనిపిస్తుంది మొదట. ఎదుటామె పెదవులు కూడా అదే ఆకారంలో ఉన్నాయి. అప్పుడు తెలుస్తుంది, ఇద్దరూ కలిసి పాడుతున్నారు. ఇక్కడ రంగు ఉంటే చీరలు, గోడ మీది క్యాలెండరు, ప్లాస్టిక్ బిందె మన చూపు లాక్కునేవి. రంగు తీసేస్తే రెండు నోళ్ళు, నాలుగు చేతులు మిగిలాయి. వెయ్యి బీడీల లెక్క పూర్తికావడానికి పాట ఎలా పనికొస్తుందో ఆ ఫొటో చెప్పింది. పని వేగం, పాట వేగం ఒకటేనని చూపించింది. నలుపు తెలుపు చేయగలిగింది ఇదీ: అనవసరమైనది పక్కకి తప్పించి, చేతికీ గొంతుకీ ఉన్న సంబంధం చూపించడం.

దీనికి సరిగ్గా ఎదురు బతుకమ్మ ఫొటో. తంగేడు పసుపు లేదు, గునుగు కొసలకి అద్దిన రంగుల్లేవు, బంతిపూలు బూడిద ముద్దలు. పూలనే దేవతగా పేర్చే పండగలో పూల రంగు తీసేస్తే మిగిలేది ఏమిటి? తీసినాయన చుట్టూ తిరిగే పాదాలనో, చప్పట్లు కలిసే క్షణాన్నో పట్టుకుని ఉంటే వేరే సంగతి. పట్టుకున్నది బతుకమ్మనే, అందులో లేనిదీ అదే. ఇక్కడ నలుపు తెలుపు ఎందుకు అంటే, మిగతావన్నీ అలా ఉన్నాయి కాబట్టి. వరస కుదరాలి కాబట్టి.

ఇంకొకటి అసలైన పాతది. ఫిల్ము కాలపు స్టూడియో ప్రింటు, అంచులు పసుపెక్కినాయి. ఫ్యాక్టరీ భజన బృందం. హార్మోనియం, తబలా, తాళాలు ముందు పెట్టుకుని రెండు వరసలుగా కూర్చున్నారు. అందరి నోళ్ళూ మూసే ఉన్నాయి. పాడేవాళ్ళని ఫొటో తీస్తూ పాడొద్దని చెప్పిన కాలం అది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఉద్యోగస్తుల్లా కూర్చున్నారు. నాకు ఆ బిగుసుకుపోవడం నచ్చింది. అందులో నటన లేదు. వాళ్ళు ఎలా కనబడాలనుకున్నారో అలా కూర్చున్నారు. ఎలా చూపించాలో నిర్ణయించింది వాళ్ళే. గేటు ముందు ఆరుగురికి ఆ అవకాశం దొరకలేదు.

*

పాటనీ మనుషుల బతుకునీ కలిపి నలుపు తెలుపులో చూపించిన గొప్పవాళ్ళు బయట చాలామంది ఉన్నారు. అమెరికాలో రాయ్ డెకరావా హార్లెమ్‌లో జాజ్ వాద్యకారులని తీశాడు. 1983లో హార్లెమ్‌లోనే, స్టూడియో మ్యూజియంలో ఆ ఫొటోల ప్రదర్శన జరిగింది. ఆయన ఫ్లాష్ వాడేవాడు కాదు. ప్రింట్లు చాలా చీకటిగా ఉంటాయి. కానీ ఆ చీకట్లో నలుపు ఒకటే నలుపు కాదు, చూసేకొద్దీ అందులో మెట్లు మెట్లుగా తేడాలు కనబడతాయి. నల్లజాతి మనుషుల చర్మాన్ని, చీకటి క్లబ్బులని ఉన్నవి ఉన్నట్టు చూడాలంటే ఆ ఓపిక కావాలి. కాంట్రాస్ట్ పెంచితే రానిది అది. ఇంకో సంగతి, కోల్ట్రేన్‌ని తీస్తే కింద కోల్ట్రేన్ అనే ఉంటుంది.

మన దేశంలో దయానితా సింగ్ మొదటి పుస్తకం జాకిర్ హుస్సేన్ మీద. అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో చదువుకుంటూ, ఏళ్ళ తరబడి ఆయన వెంట కచేరీలకి తిరిగి తీసిన ఫొటోలు, 1986లో వచ్చింది. రఘు రాయ్ హిందుస్తానీ, కర్ణాటక విద్వాంసులని తీసిన ఫొటోలు కూడా అందరికీ తెలిసినవే. ఇవన్నీ నాకు ఇష్టం. కానీ ఒకటి గమనించండి. శాస్త్రీయ సంగీతకారుడి ఫొటోలో మొహం ఉంటుంది, పేరుంటుంది, రియాజ్ చేసే గది ఉంటుంది, అలసట ఉంటుంది. జానపదులు పాడేటప్పుడు తీసిన ఫొటోలో గుంపు ఉంటుంది, దుమ్ము ఉంటుంది, పైకి లేచిన చెయ్యి ఉంటుంది. క్యాప్షన్‌లో ‘డప్పు కళాకారులు’ అని ఉంటుంది. ఒకరు వ్యక్తి, ఇంకొకరు దృశ్యం.

గద్దర్ ఒక్కడు దీన్ని దాటాడు. గొంగడి, కర్ర, గజ్జెలు, ఒంటిమీద చొక్కా లేని ఆ రూపం నలుపు తెలుపు గీతల్లో కూడా గుర్తుపట్టేంతగా మనలో నాటుకుంది. అలాగే సాయుధ పోరాట కాలం నాటి, తుపాకులు పట్టుకుని నిలబడ్డ మహిళా దళం ఫొటో. అందులో మల్లు స్వరాజ్యం గారిని వేలుపెట్టి చూపిస్తాం. పక్కనున్న వాళ్ళ పేర్లు మనలో ఎంతమంది చెప్పగలరు? నేను చెప్పలేను.

1940ల్లో కమ్యూనిస్టు పత్రికల కోసం దేశమంతా తిరిగిన సునీల్ జానా అటు బెంగాల్ కరువునీ తీశాడు, ఇటు ప్రజానాట్యమండలి వాళ్ళనీ తీశాడు, శాంతారావు లాంటి నర్తకినీ తీశాడు. 2012లో చనిపోయేదాకా ఆయన్ని మనం ఎక్కువగా కరువు ఫొటోలతోనే గుర్తుపెట్టుకున్నాం. ఆయనకి నలుపు తెలుపు అందం కోసం కాదు, రేపటి పత్రికలో అచ్చు కావడం కోసం. ఆ ఫొటో వచ్చిన రోజు అది వార్త. కిందనే వార్త ఉండేది, కాబట్టి ఎవరు ఎవరిని అడుగుతున్నారో తెలిసేది. ఇప్పుడు వాటిని గ్యాలరీలో చూసి, ఆ నలుపు తెలుపు అందమే నిజాయితీ అనుకుని, మన ఫొటోలకి ఆ రంగు పూస్తున్నాం. వార్తని తీసేసి పాతదనాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటున్నాం.

నా అసలు అభ్యంతరం ఇదే. నలుపు తెలుపు చూడగానే మన మెదడు ‘అప్పట్లో’ అనుకుంటుంది. అప్పట్లో పోరాడారు, అప్పట్లో పాడారు, పాపం. బోధన్ గేటు ముందు పాట ‘అప్పట్లో’ది కాదు. లేఆఫ్ అయిన వాళ్ళలో ఆ బకాయిల కోసం ఎదురుచూస్తూనే చనిపోయినవాళ్ళు మాకు తెలుసు. బతికున్నవాళ్ళు టీకొట్టు దగ్గర దాని గురించే మాట్లాడతారు. ఇంకా నడుస్తున్న తగాదాని ఆల్బంలో పెట్టేస్తే, దాన్ని పరిష్కరించాల్సిన వాళ్ళకి చాలా హాయి. ఎగ్జిబిషన్ ప్రారంభించడానికి కూడా వాళ్ళే వస్తారు, రిబ్బన్ కట్ చేస్తారు, ఆ ఫొటో ముందు నిలబడి సెల్ఫీ దిగుతారు. ఆ పాట తమ మీదే అని వాళ్ళకీ తెలియదు.

*

నిజామాబాద్‌కి నలుపు తెలుపు కొత్త కాదు. 1940ల చివర ఇక్కడి ఖిల్లా జైల్లో దాశరథి ఉన్నారు. తెల్లటి జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాశారని, దాన్ని చెరిపేస్తే అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి మళ్ళీ రాసి దెబ్బలు తిన్నారని చెప్తారు. ఆ పద్యంలో నిజాముని పేరు పెట్టే నిలదీశారు. ఎవరి మీదో తెలియని పద్యం అయ్యుంటే జైలు వాళ్ళు చెరిపేవాళ్ళు కాదు. ఆళ్వారుస్వామికి దెబ్బలు తినే అవసరమూ వచ్చేది కాదు. మంచి నలుపు తెలుపుకి నాకు తెలిసిన కొలత అది. తీసినవాడు, చూసేవాడు కాకుండా, ఎవరి మీద తీశారో వాడికి కూడా అర్థం కావాలి.

కాబట్టి ఫొటోలు తీసే మిత్రులకి మూడు మాటలు. రంగు తీసేముందు, ఆ రంగు ఏదైనా చెప్తోందేమో చూడండి. జెండా, యూనిఫాం, పూలు, బ్యానర్ ఉంటే మరీ చూడండి. రంగు తీసేయాలనే అనుకుంటే, పోయిన సంగతిని క్యాప్షన్‌లో తిరిగి ఇవ్వండి: ఏ నెల, ఏ ఏడు, ఎవరు పాడారు, ఎవరిని అడిగారు. మూడోది, గోడకి తగిలించేముందు ఆ ఊరి మనుషుల్ని ఒకసారి పిలిచి చూపించండి. చిమ్నీకి పొగ ఉందా లేదా అన్నది క్యురేటర్లకి కనబడదు. బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషికి అదే ముందు కనబడుతుంది.

ఆ సాయంత్రం ఫొటో తీసినాయన హాల్లోనే ఉన్నాడు. కుర్రాడే. పెద్దబాపు వెళ్ళి ‘నాయినా, గది రంగులది ఉన్నదా?’ అని అడిగాడు. అతను కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ, ఫోన్ నెంబర్ తీసుకుని రాత్రికల్లా వాట్సాప్‌లో పంపాడు. తేదీ కూడా ఉంది: 2016 జనవరి. ఆకాశం నీలంగా ఉంది. జెండాల రంగులు తెలుస్తున్నాయి. పెద్దబాపు మఫ్లర్ చిలకపచ్చ రంగు, దాన్ని చూసి మా పెద్దమ్మ చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత ఆయన ఆ ఆరుగురి పేర్లూ ఒక్కొక్కటే చెప్పాడు. ఎవరు ఏ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళో, పాట ఎత్తుకున్నది ఎవరో, అందులో ఇద్దరు ఇప్పుడు లేరనీ చెప్పాడు. కాగితం మీద రాసుకుని ఆ కుర్రాడికి పంపాను.

‘థాంక్యూ, నెక్స్ట్ టైం పెట్టినప్పుడు క్యాప్షన్ మారుస్తా’ అని జవాబొచ్చింది. వచ్చే ఎగ్జిబిషన్ హైదరాబాద్‌లో అట. చూడటానికి వెళ్తాను. పెద్దబాపు కూడా వస్తానన్నాడు.